తాకకుండా కలిపినవాడు

నిచ్చెన మీద నిలబడి వెంకట్రాజం హారన్‌కు కట్టిన సుతిలి తాడు విప్పుతున్నాడు. కింద కొత్తవాడ సందులో పెళ్ళిపందిరి అప్పటికే సగం ఊడిపోయింది. తోరణం తెగి, గోడకు ఆనించిన జంపఖానా మగ్గం కడ్డీల మీద పడి ఉంది. పెళ్ళికూతురు అత్తవారింటికి వెళ్ళిపోయింది. బాజాలవాళ్ళు వెళ్ళిపోయారు. ఇక వెళ్ళవలసింది మైక్ సెట్ ఒక్కటే. ఏ శుభకార్యానికైనా అందరికంటే ముందు వచ్చేవాడూ, అందరి తర్వాత పోయేవాడూ అతనే. ఫొటోల్లో మాత్రం ఎక్కడా కనబడడు.

పొట్టి మనిషి. ఎండలో నల్లబడిన మెడ. ఇనుప హారన్లు మోసి మోసి కుడి భుజం ఎడమ భుజం కంటే కిందికి దిగింది. సోల్డరింగ్ చురకలకు వేళ్ళ కొసలు మొద్దుబారి, చాయ గ్లాసు ఎంత వేడిగా ఉన్నా పట్టుకోగలడు. నుదుట కుంకుమ బొట్టు, చొక్కా జేబులో టెస్టర్. ఈ రెండూ లేకుండా అతన్ని చూసినవారు లేరు.

"ఓ రాజం, దిగి చాయ తాగు," పెళ్ళికూతురి నాయనమ్మ యాకమ్మ కింద నుంచి కేకేసింది. "రాత్రి నీ మైకు నా చెవులకు చిల్లులు పొడిసింది పో!"

"చిల్లులు పడ్డయంటే నా పని మంచిగ జరిగినట్టే అవ్వా."

"మంత్రాలు ఒక్కటి సుత సమజ్ కాలే. అన్నీ గుయ్యిమనుడే."

వెంకట్రాజం నవ్వలేదు. ఆ గుయ్యిమనే మోత అతనికీ వినబడింది. రాత్రి రెండు ఆంప్లిఫయర్లు పెట్టాడు, ఒకటి పందిరికి, ఒకటి సందు మొదట్లో భోజనాలకు. రెండిటికీ ఒకే పాట పోవాలని నడుమ తీగ లాగాడు. లాగినప్పటి నుంచీ తేనెటీగల తుట్టె కదిలినట్టు సన్నని మోత. చేతనైనన్ని తిప్పలు పడి, చివరకు పాట సౌండు పెంచి దాన్ని కప్పేశాడు.

చాయ తాగి, ఎర్త్ కోసం నేలలో దిగగొట్టిన ఇనుప కడ్డీలు లాగడానికి కూర్చున్నాడు. పని నేర్పిన గురువు మాట ప్రకారం ఒక్కో సెట్టుకు ఒక్కో కడ్డీ. కడ్డీ దిగగొట్టి, ఉప్పునీళ్ళు పోసి, మట్టిని వేలితో తాకి కళ్ళకద్దుకున్నాక గాని స్విచ్ వేయడు. భూమి తల్లికి చెప్పకుండా కరెంటుతో ఆడుకోకూడదని అతని నమ్మకం. మొదటి కడ్డీ ఊడింది. రెండోది పట్టుకొని, లాగకుండా అలాగే ఉండిపోయాడు.

మండీబజార్‌లో దోస్తు గౌస్ భాయ్ ఇంట్లో కూడా అతను దిగగొట్టినవి రెండు కడ్డీలే. అక్కడా ఇదే మోత. తీగతో కలిసిన సెట్లకు రెండు చోట్ల భూమి ఉండటమే దీనికి కారణమా?

"ఏమాయె రాజం? పామేమన్న ఉన్నదా?" యాకమ్మ అడిగింది.

"పాము కాదవ్వా. నా తప్పు ఉన్నది," అని కడ్డీ పీకి, రిక్షాలో సామాను సర్దడం మొదలుపెట్టాడు.

గౌస్ పాషా కాజీపేట రైల్వేలో టెలిగ్రాములు పంపే తార్ బాబుగా చేసి రిటైరైన మనిషి. నౌకరీ కాక అతనికి ఇంకో పిచ్చి ఉండేది. గవర్నమెంటు లైసెన్సు తీసుకొని, సొంతంగా కట్టుకున్న రేడియో సెట్టులో దేశం నలుమూలలా ఉన్న తనలాంటి వాళ్ళతో మాట్లాడేవాడు. అందులో జీతం లేదు, లాభం లేదు. ఒకరి క్షేమం ఒకరు అడగడం, గాలి ఎట్లా ఉందో, సెట్టు ఎట్లా పలుకుతుందో చెప్పుకోవడం, అంతే.

వాళ్ళిద్దరి స్నేహం కొట్లాటతో మొదలైంది. చాలా ఏళ్ళ కిందట మండీబజార్ దగ్గర ఒక పెళ్ళిలో, సరిగ్గా పుస్తె కట్టే వేళకు, వెంకట్రాజం హారన్ల నుంచి మంత్రాలకు బదులు "వరంగల్, వరంగల్, నా మాట వినపడుతున్నదా?" అని ఒక గొంతు మోగింది. పంతులు మంత్రం ఆపేశాడు. పెళ్ళికొడుకు పుస్తె చేత్తో పట్టుకొని బిక్కమొహం వేశాడు. వెంకట్రాజం ఆ గొంతును వెతుక్కుంటూ సందులన్నీ తిరిగి, ఒక మిద్దె మీద బారుగా కట్టిన తీగ చూసి, తలుపు బాదాడు.

"ఎవనివయ్యా నువ్వు? మా పెళ్ళిల నీకేం పని?"

తలుపు తీసిన సన్నటి మనిషి తిట్లన్నీ విని, "అయితే నేను మీకు సాఫ్‌గ వినబడ్డనా?" అని సంతోషంగా అడిగాడు. తర్వాత తనే పెళ్ళిపందిరికి వచ్చి, ఆంప్లిఫయర్‌లో చిటికెన వేలంత ముక్క ఒకటి అతికించి, తన గొంతు అందులోకి రాకుండా చేశాడు. పెళ్ళివారి అన్నం కూడా తిని వెళ్ళాడు. ఆ రోజు నుంచి పని లేని ప్రతి సాయంత్రం వెంకట్రాజం ఆ ఇంట్లోనే ఉండేవాడు.

పోయిన చలికాలంలో గౌస్ పాషాకు పక్షవాతం వచ్చింది. దవాఖాన నుంచి ప్రాణాలతో వచ్చాడు గాని కుడిచేయి రాలేదు, మాట రాలేదు. ఎడమచేత్తో తార్ కొట్టబోతే చేయి వణికి, చుక్కలూ గీతలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. వినడానికి మాత్రం చెవులు పదునుగానే ఉన్నాయి. రోజూ సాయంత్రం అసర్ నమాజు తర్వాత సెట్టు వేసి, దోస్తులంతా మాట్లాడుకుంటుంటే వినేవాడు. వాళ్ళు రోజూ అతని పేరు పెట్టి పిలిచేవారు. జవాబు చెప్పలేక స్విచ్ ఆపేసేవాడు.

హనుమకొండలో కాలేజీ లెక్చరర్ రాజేశ్వర్ రావు కూడా ఆ దోస్తుల్లో ఒకడు. తన చిన్న కంప్యూటర్ తెచ్చి గౌస్ బల్ల మీద పెట్టాడు. అది చూడటానికి మీటలున్న పలక. టీవీకి తగిలిస్తే అక్షరాలు కనబడతాయి. ఒక్కో అక్షరం ఒత్తితే ఆ అక్షరానికి తార్ భాషలో ఉన్న కూత అదే కూస్తుంది. ఆ కూతను సెట్టు మైకు దారిలోకి పంపితే చాలు, గౌస్ భాయ్ ఎడమచేతి వేలితో లోకంతో మాట్లాడొచ్చు.

కాని కలవలేదు. తీగ వేస్తే మోత. పంపే మీట నొక్కితే టీవీ మీద అక్షరాలు పిచ్చిపట్టినట్టు చెదిరిపోయేవి. రాజేశ్వర్ రావు రెండు ఆదివారాలు కూర్చున్నాడు. "రెండిటిని కలపాలె రాజం, కాని ఒకదాన్నొకటి తాకద్దు. ఏదన్న ఉపాయం ఉంటే నువ్వు సుత చూడు," అని చెప్పి వెళ్ళాడు. తాకకుండా కలపడమేమిటో వెంకట్రాజానికి బోధపడలేదు.

ఈలోగా గౌస్ విసిగిపోయాడు. మాట పడిపోయినవాడికి రేడియో ఎందుకని, మరిపెడలో కొత్తగా లైసెన్సు వచ్చిన వెంకటేశ్వర్లుకు సెట్టు ఇచ్చేస్తానని కబురు పంపించాడు. వెంకటేశ్వర్లు రేపు పొద్దున వస్తున్నాడు. సెట్టూ పోతుంది, మిద్దె మీద తీగా పోతుంది. ఇక మిగిలింది ఈ రోజే.

గిర్మాజీపేటలో ఇంటికి రాగానే వెంకట్రాజం స్నానం చేసి, పూజగూడు ముందు కూర్చున్నాడు. అమ్మవారి పటం పక్కన ఒక పాత ఆంప్లిఫయర్ ఉంది. అది అతను మొదట కొన్న సెట్టు, గాజు వాల్వులది. అది చచ్చి చాలా కాలమైంది. అయినా ఇంటికి మొదట అన్నం పెట్టింది అదేనని అమ్మలేదు. భార్య రాజక్క ప్రతి దసరాకూ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొడుతుంది. దాన్ని అతను చేతుల్లోకి తీసుకొని తిరగేశాడు.

"అదేం పని?" వంటింట్లోంచి వచ్చిన రాజక్క గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"దీంట్ల ఒక ముక్క కావాలె. గౌస్ భాయ్ కోసం."

"నీకేమన్న సోయి ఉన్నదా? దసరకు మొక్కిన దాని కడుపు కోస్తా అంటవా? బజార్ల ముక్కలు దొరకయా?"

"ఇసొంటిది దొరకది. వెనకటి మైకులకు పెట్టేటోళ్ళు. రెండు చుట్లుంటయి దీనికి. ఇటు చుట్టుకు అటు చుట్టు తాకది. కాని ఇటు మాట్లాడితే అటు వినబడ్తది." చెబుతూ చెబుతూ అతనే ఆశ్చర్యపోయాడు. ఇన్నేళ్ళు ఆ ముక్క పేరు తెలుసు, పని తెలుసు. రాజేశ్వర్ రావు అన్నది దీని గురించేనని ఇంతసేపూ తట్టలేదు. "మొదటి సెట్టుల మైకుకు ఇదే ఉండె రాజక్కా. ఎంత దూరం తీగ లాగినా మోత ఉండకపోయేది, యాది ఉన్నదా?"

"యాది లేకేం? నా పెండ్లిల మోగింది అదే గద."

వెంకట్రాజం పటం వైపు చూశాడు. తల్లీ, నీ ముందు పెట్టినదాన్ని తిరిగి తీసుకుంటే దొంగతనమవుతుందా? పూజ అంటే పనిముట్టును పనికి దూరంగా కూర్చోబెట్టడమా, పనిలో పెట్టడమా? పక్షవాతం ఇచ్చినదానివి నువ్వే అయితే, నేను చేసేది నీకు ఎదురు నడవడమా? నువ్వు కాకపోతే, ఇచ్చిందెవరు? దీపం కదలలేదు, పువ్వు రాలలేదు. దేవుడు ఎప్పుడూ అంతే, సగం లెక్క మనిషికే వదిలేస్తాడని అతనికి చాలాసార్లు అనిపించింది.

రాజక్క లోపలికి పోయి, స్క్రూడ్రైవరూ కుంకుమ భరిణా తెచ్చి అతని పక్కన పెట్టింది.

"దండం పెట్టి విప్పు. ఊకె విప్పకు."

మండీబజార్ ఇంటికి చేరేసరికి ఎండ గోడల సగం దాకా దిగింది. ఖతీజాబీ వాకిట్లో కుట్టుమిషన్ ముందు కూర్చొని ఉంది.

"రా రాజం అన్నా. మీ దోస్తు పొద్దటి సంది అలిగిండు."

"మాట లేనోనికి అలుగుడు సుత ఉన్నదా భాబీ?"

"ఎందుకు లేదు? ముఖం గోడ దిక్కు తిప్పుడే అలుగుడు."

లోపల గౌస్ పాషా నిజంగానే గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. తెల్ల లాల్చీ, బిగిసిపోయిన కుడిచేయి ఒళ్ళో పసిపిల్లలా పడుకొని ఉంది. సెట్టు మీద ఖతీజాబీ తెల్లబట్ట కప్పింది. వెంకట్రాజం ఆ బట్ట తీసి మడతపెట్టాడు. గౌస్ పెదవులు కష్టంగా కదిలాయి.

"వ... వద్దు రాజం. పోనీ."

"పోనిస్త. రేపు పోనిస్త. ఇయ్యాల నాది. నువ్వు జర ఫికర్ చెయ్యకుండ కూసో."

ముందు పెరట్లోకి పోయి, తాను దిగగొట్టిన రెండో కడ్డీ పీకేశాడు. రెండిటికీ ఒకే భూమి చేసి తీగ కలిపాడు. లోపలికి వచ్చి కంప్యూటర్‌కు ప్రోగ్రాం ఎక్కించాడు. అది టేప్ రికార్డర్ కాసెట్‌లో ఉంటుంది. కాసెట్ తిరుగుతుంటే కీచుమని ఒకటే అరుపు.

"యా అల్లా, ఈ పాట ఎవలు పాడిండ్రో గని వాళ్ళ గొంతు బంద్ కాను!" అని ఖతీజాబీ వాకిట్లో నుంచి చెవులు మూసుకుంది. గౌస్ మూతి ఒక పక్కకు సాగింది. అతని ముఖంలో ఇప్పుడు నవ్వంటే అదే.

మోత తగ్గింది, కాని పోలేదు. పంపే కాలిమీట నొక్కితే అక్షరాలు మళ్ళీ చెదిరాయి. పనిచేసే చేయి ఒక్కటేనని గౌస్ కోసం ఆ కాలిమీట కూడా వెంకట్రాజమే చేశాడు, చెక్కపలక కింద కాలింగ్ బెల్ గుండీ పెట్టి. గౌస్ మళ్ళీ గోడ వైపు తిరగబోయాడు.

"ఆగు భాయ్. ఇంక అసలుది పెట్టలే."

జేబులోంచి తీశాడు. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. రేకు తొడుగు, నాలుగు కాళ్ళలా నాలుగు తీగలు. కంప్యూటర్ నుంచి వచ్చే తీగను మధ్యకు కోసి, ఒక పక్క రెండు, ఒక పక్క రెండు అతికించాడు. సోల్డర్ పొగ లేచింది. పని ముగియగానే, జేబులోని కుంకుమ పొట్లం విప్పి, ఎప్పుడూ చేసేదే గనుక ఆలోచించకుండా దాని నెత్తిన బొట్టు పెట్టాడు. పెట్టాక చేయి ఆగింది. ఇది తన ఇల్లు కాదు. గోడ మీద మక్కా చిత్రం ఉంది. తుడవబోయాడు.

గౌస్ ఎడమచేయి వచ్చి అతని మణికట్టు మీద పడింది.

"ఉం... ఉండనీ."

స్విచ్ వేశారు. మోత లేదు. వెంకట్రాజం చెవి సెట్టుకు ఆనించి విన్నాడు. తెల్లవారుజామున మైక్ సెట్ మొదటిసారి వేసినప్పుడు ఉండే నిశ్శబ్దం. గౌస్ కాలిమీట మీద కాలు పెట్టాడు. టీవీ మీద ఒక్క అక్షరం కూడా కదలలేదు. ఎడమచేతి చూపుడు వేలు వణుకుతూ వచ్చి ఒక మీట మీద దిగింది. వేలు వణికింది గాని కూత వణకలేదు, గీసినట్టు తిన్నగా వచ్చింది.

అప్పుడే అసర్ నమాజు ముగించి ఖతీజాబీ లోపలికి వచ్చి, తలుపు పక్కన నిలబడింది. చేతిలో తస్బీ పూసల దండ అలాగే ఉంది.

దోస్తులు మాట్లాడుకునే వేళ అయింది. సెట్టులో కూతలు మొదలయ్యాయి. వాళ్ళు ఆగిన సందు చూసుకొని గౌస్ తన లైసెన్సు గుర్తు కొట్టాడు. కాలు తీశాడు. అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ముందుగా రాజేశ్వర్ రావు కూత గబగబా, సంతోషంతో తడబడుతూ వచ్చింది. ఆ వెంటనే ఇంకొక కూత అడ్డం వచ్చింది. బరువైన, నింపాదైన కూత. వింటున్న గౌస్ ముఖం వాడిపోయింది.

"ఏమంటాండు భాయ్? ఎవలు?"

"పాణి... అడుగుతాండు... నువ్వెవలు... గౌస్ పేరు మీద... అని."

ఏటూరునాగారం సారంగపాణి, అడవి శాఖలో వైర్లెస్ ఆపరేటర్‌గా చేసినవాడు. అతనూ గౌసూ ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. చేతిని బట్టే పోల్చుకుంటారు. తార్ కొట్టేవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కో చేతి నడక ఉంటుంది, గొంతులాగే. మిషన్ కూతకు ఏ నడకా లేదు. అన్ని చుక్కలూ ఒకటే, అన్ని గీతలూ ఒకటే. ఎవడో గౌస్ గుర్తు దొంగిలించాడని సారంగపాణికి కోపం వచ్చింది.

వెంకట్రాజం టెస్టర్ బయటికి తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. గొంతు తెచ్చాడు, కాని అది ఎవరి గొంతూ కాని గొంతు. మోతనైతే తీయగలడు. ఇది అతని చేతిలో లేదు.

"పేరు చెప్పు భాయ్. నీ పేరు నువ్వు చెప్పు," అన్నాడు, ఇంకేం అనాలో తెలియక.

గౌస్ కాలు పెట్టాడు. ఇంగ్లీషులో తన పేరు, రెండక్షరాలు ఒత్తాడు. తర్వాత అతని తల అలవాటుగా ఎడమ పక్కకు తిరిగింది. కాజీపేటలో తార్ బల్ల పక్కన కిటికీ ఉండేది. రెండక్షరాలు కొట్టి, సిగ్నల్ పడిందా అని కిటికీలోంచి ఓ చూపు చూసి, మిగతావి కొట్టేవాడు. నౌకరీ పొడుగునా అలాగే కొట్టాడు. ఇంటి సెట్టు మీదా ఆ ఆగుడు పోలేదు, అదెందుకో సారంగపాణికి ఎప్పుడో చెప్పాడు కూడా. ఇక్కడ కిటికీ లేదు, సున్నం వేసిన గోడ ఉంది. చూపు మాత్రం పోయింది, వచ్చింది. మిగతా రెండక్షరాలు ఒత్తాడు.

కాలు తీశాడు. ముగ్గురూ సెట్టును చూస్తున్నారు.

ఏటూరునాగారం నుంచి కూత రాలేదు. గాలి గరగర వినిపిస్తోంది. తర్వాత ఆ బరువైన చేయి నెమ్మదిగా కదిలింది. మధ్యలో ఒకసారి తప్పు కొట్టి, మళ్ళీ కొట్టింది. గౌస్ కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడానికి ఎడమచేయి ఖాళీగా లేదు, అప్పటికే మీటల మీదికి పోయింది.

"ఏమన్నడు?" ఖతీజాబీ గట్టిగా అడిగింది. "చెప్పుండ్రి, ఏమన్నడు?"

"కిటికీ..." గౌస్ నోరు తిరగలేదు. రెండోసారి ప్రయత్నించాడు. "కిటికీ తెరుచుకున్నదా... అన్నడు."

ఖతీజాబీ తస్బీ గుండెకు అదుముకుంది. వెంకట్రాజం గబుక్కున లేచి పెరట్లోకి పోయి, మిగిలిన ఒక్క కడ్డీ దగ్గర చెంబెడు నీళ్ళు పోశాడు. మట్టిని వేలితో తాకి కళ్ళకద్దుకున్నాడు. ఆ వేలు చాలాసేపు కళ్ళ మీదే ఉండిపోయింది. లోపల ఒకరి తర్వాత ఒకరు దోస్తులంతా గౌస్‌ను పలకరిస్తున్నారు. పెళ్ళి ఊరేగింపులా ఉంది ఆ గోల. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినబడేదాకా గౌస్ సెట్టు ఆపలేదు.

తెల్లవారి మరిపెడ నుంచి వెంకటేశ్వర్లు వచ్చాడు. సెట్టు కట్టుకుపోవడానికి గోనెసంచీ కూడా తెచ్చుకున్నాడు. రెండు చాయలు తాగి, గౌస్ చూపించిన చోట కూర్చొని, మధ్యాహ్నం దాకా కంప్యూటర్ కూత విని, ఖాళీ సంచీ చంకలో పెట్టుకొని నవ్వుకుంటూ బస్సెక్కాడు. రాజేశ్వర్ రావు తన కంప్యూటర్ మళ్ళీ అడగలేదు.

ఆ వానాకాలం చివర, వినాయక చవితి పందిరికి హారన్ కట్టడానికి వెంకట్రాజం కొత్తవాడ పోయాడు. కడ్డీ దిగగొట్టాడు, ఉప్పునీళ్ళు పోశాడు, మట్టి తాకాడు. జర దమ్ము తీసుకుంటానని నిచ్చెన మొదట్లో కూర్చున్నాడు. పాట పెట్టమని పిల్చేందుకు వచ్చిన యాకమ్మ, నిద్రపోతున్నాడనుకొని రెండుసార్లు వెనక్కి వెళ్ళింది.

రేడియో దోస్తుల్లో ఒకరు పోతే, ఆ సాయంత్రం అతని పేరు కొట్టి, అందరూ కాసేపు మీటలు ముట్టకుండా ఊరుకుంటారు. లైసెన్సు ఉన్నవాళ్ళకు మాత్రమే జరిగే మర్యాద అది. ఆ సాయంత్రం గౌస్ పాషా ఒక్కో అక్షరమే వెంకట్రాజం పేరు పూర్తిగా కొట్టాడు. ఏ ఊరు, ఏ గుర్తు అని ఎవరూ అడగలేదు. ఏటూరునాగారం నుంచి హనుమకొండ దాకా అన్ని సెట్టులూ ఊరుకున్నాయి.

దసరా నాడు రాజక్క ఇంట్లో అమ్మవారికి పూజ చేసి, డొల్లగా మిగిలిన పాత ఆంప్లిఫయర్‌కు పసుపు రాసి, కుంకుమ భరిణ కొంగులో కట్టుకొని మండీబజార్ వచ్చింది. ఖతీజాబీ ఏమీ అడగకుండా బల్ల ముందున్న కుర్చీ జరిపి దారి ఇచ్చింది. తీగల నడుమ, అగ్గిపెట్టెలో సగమంత రేకు ముక్క మీద పాత బొట్టు వెలిసి గోధుమరంగుకు తిరిగింది, దాని మీద రాజక్క పెట్టిన కొత్తది ఇంకా తడిగా మెరుస్తోంది.